తాబేలుకి నైట్ షిఫ్ట్

తాబేలుకి రాత్రి కావాలి.

ఈ మాట నాకు చెప్పింది చేపల కొట్టాయన. మా వీధి మలుపులో రంగు చేపలు, వాటి మేత, గాజు తొట్టెలు అమ్ముకునే మనిషి. "పెద్దాయనా, దీనికి సగం పగలు, సగం రాత్రి. పగలు ఈ రెండు దీపాలూ వెలగాలి. ఒకటి రాయి మీద వేడి పడేది, అది ఎక్కి ఒళ్ళు ఆరబెట్టుకోడానికి. ఇంకోటి ఎండలాంటిది, డిప్ప గట్టిపడడానికి. రాత్రికి మాత్రం రెండూ ఆరిపోవాలి. ఎర్ర బల్బు పెడతా, నీలం బల్బు పెడతా అనకండి. చీకటంటే చీకటే" అన్నాడు.

"ఇదే మాట మా మిల్లు మేనేజరుకి ఎవడైనా చెప్పి ఉంటే బాగుండేది నాయనా" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మర్యాదకి నవ్వాడు.

నేను నూలు మిల్లులో బతుకంతా షిఫ్టులు చేసినవాణ్ణి. మనిషికి నిద్ర హక్కు అని గేటు ముందు కూర్చుని లాఠీ దెబ్బలు తిన్నవాణ్ణి. ఇప్పటికీ చలి మొదలైతే ఎడమ భుజం ఆ దెబ్బల్ని గుర్తు చేస్తుంది. కాబట్టి ఏ ప్రాణికైనా రాత్రి కావాలంటే కాదనే రకం కాదు నేను. కానీ ఆ తాబేలు రాత్రి మా ఇంట్లో ఏం చేసిందో ఎవరికైనా చెప్పాలి. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. వాదించే ఓపిక లేదు నాకు.

తాబేలు నాది కాదు. బొంగురుది.

బొంగురు అనేది మిల్లులో వాళ్ళు పెట్టిన పేరు. పత్తి దుమ్ము వాడి గొంతు తినేసింది. మాట్లాడితే గరుకు కాగితం గోడకి రుద్దినట్టు ఉండేది. వాడు నా జోడీ. జోడీ అంటే ఒకే యంత్రం మీద పగలు నేను, రాత్రి వాడు. నా పెళ్ళి కాకముందు ఒకే గది, ఒకే మంచం కూడా. పగలు వాడు పడుకునేవాడు, రాత్రి నేను. గది మిల్లుకి ఎదురుగానే. ఒకడు లేచి పోయిన పక్కలోకి ఇంకొకడు వచ్చి పడేవాళ్ళం. ఆ మంచం ఏనాడూ చల్లారింది లేదు.

మిల్లులో ఒక పద్ధతి ఉండేది. తర్వాతి షిఫ్టువాడు వచ్చేదాకా ముందువాడు యంత్రం వదలకూడదు. ఆ రొదలో మాట వినపడదు కాబట్టి వచ్చినవాడు భుజం మీద చెయ్యి వేసేవాడు. ముందువాడు తల తిప్పకుండానే "వచ్చావా?" అనేవాడు. "వచ్చా. నువ్వెళ్ళు" అనాలి. అప్పుడే కదలాలి. వచ్చేవాడు రాకపోతే ఆ షిఫ్టు కూడా నువ్వే లాగాలి, చచ్చినట్టు. సమ్మె చేసింది అందుకే. సైరన్ మోగితే మనిషి ఇంటికి పోవాలి, అవతలివాడు రానీ, రాకపోనీ. గెలిచాం కూడా. గెలిచినా బొంగురు మాత్రం ఆ మాట పడకుండా ఏనాడూ యంత్రం వదల్లేదు. "నా చేతిలోంచి నీ చేతిలోకి పోవాలి కదరా, గాల్లో వదిలేసి ఎట్లా పోతాను?" అనేవాడు. మొండిఘటం.

సమ్మె రోజుల్లో ఆ మాట మంచం దగ్గరికి కూడా వచ్చింది. గేటు దగ్గర వంతుల వారీగా కాపలా. కాపలా దిగి వచ్చి నేను వాణ్ణి తట్టేవాణ్ణి. కళ్ళు తెరవకుండానే "వచ్చావా?" అనేవాడు. "వచ్చా. నువ్వెళ్ళు." లేచి పోయేవాడు. నేను ఆ వెచ్చటి పక్కలో ముడుచుకునేవాణ్ణి.

పెళ్ళయ్యాక నేను వేరే ఇంటికి మారాను. వాడు ఆ గదిలోనే ఉండిపోయాడు. మిల్లు మూసేశాక కూడా ఎక్కడో గోడౌనుకి రాత్రి కాపలా పనే వెతుక్కున్నాడు. పొద్దున వచ్చి కిటికీకి దుప్పటి కట్టి, దీపం ఆర్పి పడుకునేవాడు. తోడుకి ఈ తాబేలు. వాడు పడుకుంటేనే దానికి చీకటి, వాడు లేస్తేనే దానికి వెలుతురు. ఒక పగలు అట్లా పడుకున్నవాడు లేవలేదు. రెండో పూట గది యజమాని తలుపు కొట్టి కొట్టి, చివరికి పగలగొట్టాడు. వాణ్ణి లేపేవాళ్ళు ఎవరున్నారు?

ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. ఒకప్పుడు మేం పంచుకున్న ఆ ఇనప మంచం, తాబేలు మా ఇంటికి వచ్చాయి. రెంటినీ వెనక గదిలో పెట్టాం. మా ఆవిడ తాబేలుని చూసి కళ్ళు తుడుచుకుంది. ఆవిడ మిల్లు క్యాంటీన్లో టీ పోసేది. బొంగురుని అన్నయ్యా అనేది. వాడు చెల్లెమ్మా అనేవాడు. ఆ బొంగురు గొంతుతో వాడు ప్రేమగా పిలిచిన పిలుపు అదొక్కటే.

చేపల కొట్టాయన చెప్పినట్టే గాజు తొట్టె, దీపాలు, టైమరు కొన్నాను. టైమరు అంటే ప్లగ్గుకి తగిలించే గుండ్రటి బిళ్ళ. చుట్టూ చిన్న చిన్న పళ్ళు. అది గడియారంలా తిరుగుతుంది. నొక్కిన పళ్ళు వచ్చినంతసేపూ దీపం వెలుగుతుంది, నొక్కనివి రాగానే టక్‌మని ఆరిపోతుంది. పొద్దున వెలిగేట్టు, సాయంత్రం ఆరేట్టు పెట్టి, ఇక మర్చిపోయాం. మేం ముందు గదిలో కింద పరుపు వేసుకుని పడుకునేవాళ్ళం. వెనక గదిలో మంచం ఖాళీ. ఒక్కోసారి పొద్దున చూస్తే దాని మీద దుప్పటి నలిగి ఉండేది. "పక్కింటి పిల్లి దొర్లి పోతోంది" అని మా ఆవిడ తిట్టుకుంటూ సర్దేది.

కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుందని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

తర్వాత మా ఆవిడ కడుపు ఆపరేషను. ఆసుపత్రిలో చాలా రోజులు. నేనూ అక్కడే, వరండాలో బెంచీ మీద. పక్కింటావిడ వచ్చి తాబేలుకి మేత వేసి పోయేది. ఆ రోజుల్లోనే మా వీధి తవ్వి కేబుళ్ళు మార్చారు. పూటపూటకీ కరెంటు తీసేశారు. కరెంటు పోతే టైమరు బిళ్ళ కూడా ఆగిపోతుంది. మళ్ళీ వస్తే ఆగిన చోటు నుంచే తిరుగుతుంది. పోయిన పొద్దు దానికి తెలీదు. అట్లా జరిగి జరిగి, మేం ఇంటికి వచ్చేసరికి తాబేలు కాలం పూర్తిగా తిరగబడింది. రాత్రంతా వెలుతురు. పట్టపగలు చీకటి.

ఆవిడ కింద కూర్చోకూడదు, కింద పడుకోకూడదన్నారు డాక్టరు. కాబట్టి వెనక గదిలో ఆ ఇనప మంచమే గతి. నొప్పికి రాత్రుళ్ళు నిద్ర పట్టదు. మాత్రలకీ మంచినీళ్ళకీ తడుముకోకుండా తొట్టె దీపం పనికొచ్చింది. పగలేమో గది చీకటిగా, చల్లగా ఉంటే కాస్త కునుకు తీస్తుంది. నాకు ఇదే బాగుందనిపించింది. బిళ్ళ సరిచేయడానికి వంగినవాణ్ణి మానేసి లేచాను. పైగా పగటి వెలుతురు రాకుండా కిటికీకి మందపాటి తెర కట్టాను.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది మంచం మీద నుంచి.

"నువ్వు కోలుకునేదాకా తాబేలు రాత్రిపూట మేలుకుంటుందిలే. పగలు పడుకుంటుంది, నీతోపాటు."

ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది. కుట్లు లాగుతున్నా ఆగలేదు. "షిఫ్టులు వద్దు, షిఫ్టులు వద్దని ఊరంతా గోల చేసి, చివరికి నోరులేని తాబేలుకి నైట్ షిఫ్ట్ వేశావా? అదిగానీ యూనియన్ పెట్టిందంటే ముందు నీ గేటు ముందే కూర్చుంటుంది."

నేనూ నవ్వాను. ఆ గదిలో మేం ఇద్దరం మనసారా నవ్వుకున్నది అదే ఆఖరు.

మొదటిసారి అది జరిగినప్పుడు బయట మంచి ఎండ. పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా పొద్దుంది. ఆవిణ్ణి బాత్రూముకి తీసుకెళ్ళి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. కాళ్ళు ఎత్తి పైన పెడుతుంటే ఆవిడ చెయ్యి గోడవైపు పరుపు మీద పడింది.

"నువ్వు పడుకున్నావా ఇక్కడ?"

"ఎప్పుడు పడుకున్నాను? నీతోనేగా ఉన్నాను."

"మరి వెచ్చగా ఉందేం?"

చెయ్యి పెట్టి చూశాను. నిజమే. మనిషి అప్పుడే లేచిపోయినట్టుంది. తొట్టె దీపం వేడి తగిలిందేమో అన్నాను. ఆ దీపం ఆరిపోయి చాలాసేపయిందని వంటింట్లోకి వచ్చాక గుర్తొచ్చింది. సరే, అన్నీ పట్టించుకుంటే బతగ్గలమా? పాల గిన్నె తోమాలి, మందులు తేవాలి, ఆవిడ బట్టలు ఉతకాలి. ఒళ్ళు అలిసినవాడికి భయపడే తీరిక ఉండదు.

కానీ ఆవిడ రోజురోజుకీ దిగిపోవడం మొదలైంది. గాయం మానుతోంది, రక్తం బాగుంది అంటాడు డాక్టరు. మనిషి చూస్తే వత్తి తగ్గించిన దీపంలా ఉంది. పగలంతా పడుకున్నా కళ్ళ కింద నలుపు.

"నిద్రపోయినట్టు లేదయ్యా" అంది ఒక సాయంత్రం. "డ్యూటీ చేసి లేచినట్టుంది. చేతులు పీకుతున్నాయి. చెవుల్లో మిల్లు రొద."

"అది తొట్టెలో నీళ్ళు తిప్పే మోటారు చప్పుడు."

"మోటారు చప్పుడు నాకు తెలీదా?" దుప్పటి కప్పుకుంది. "నువ్వు మధ్యలో వచ్చి పడుకుంటే పడుకో. నేను వద్దన్నానా? కానీ జరగమని అట్లా తొయ్యకు. కుట్ల మీద పడుతోంది."

నేను ఆ మంచం మీద ఒక్కసారి కూడా పడుకోలేదు.

మర్నాడు పొద్దున వంటపని పక్కన పెట్టి గది గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. వీధిలో ఎవరో స్కూటర్ని తన్నీ తన్నీ స్టార్ట్ చేస్తున్నారు. పక్కింట్లో కుక్కరు కూత. అంతా మామూలే. తొట్టె దగ్గర బిళ్ళ మెల్లగా తిరుగుతోంది.

టక్.

దీపాలు ఆరాయి. గదిలో చీకటి ఒక్కసారిగా కాదు, తడిసిన బట్టలా మెల్లగా బరువెక్కింది. నీళ్ళలో కదలిక వినిపించింది. తాబేలు రాయి దిగి మంచం వైపు గాజు దగ్గరికి వచ్చింది. గోళ్ళతో గాజుని గీకుతోంది. పని నుంచి వచ్చిన మనిషి మేత వేస్తాడని ఎదురుచూసినట్టు.

గీక్... గీక్... ఆగి, మళ్ళీ గీక్...

వాసన వచ్చింది. ముందు యంత్రం నూనె. తర్వాత పచ్చి పత్తి దుమ్ము. ముక్కులో దూరి గొంతులో కూర్చునే వాసన. ఎన్నేళ్ళయినా ఊపిరితిత్తులు మర్చిపోవు.

మంచం బద్దీలు కిర్రుమన్నాయి.

ఆవిడ కదల్లేదు. గోడవైపు పరుపు మాత్రం కుంగింది. మనిషి బరువు పడినట్టు, మెల్లగా... చీకటికి అలవాటుపడ్డ నా కళ్ళకి దుప్పటి లోపలికి దిగడం కనిపించింది. ఆవిడ మాత్రం కొంచెం కొంచెంగా అంచుకి జరుగుతోంది. నిద్రలోనే. చోటిస్తున్నట్టు.

దగ్గు వినిపించింది. పొడి దగ్గు. ఆ దగ్గుని వెయ్యిమందిలో గుర్తుపడతాను.

"చెల్లెమ్మా..." గరుకు కాగితం గోడకి రుద్దినట్టు. "వచ్చావా?"

ఆవిడ పెదాలు కదిలాయి. నిద్ర మత్తులో, ఎంతో మర్యాదగా, ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళిచ్చినట్టు అంది.

"వచ్చా అన్నయ్యా... నువ్వె..."

స్టూలు తన్నేసి లేచి కిటికీ తెర పట్టుకుని లాగాను. కమ్మీ ఊడి నా నెత్తిన పడింది. ఎండ గదిలోకి దూసుకొచ్చింది. ఆవిడ కెవ్వుమని లేచింది. గోడవైపు పరుపు మెల్లగా పైకి లేస్తోంది, ఎవరో ఇష్టం లేకుండా లేచినట్టు.

"చంపుతావా ఏంటయ్యా! ఏమైంది?"

"ఏమీ లేదు. ఎవరు పిలిచినా నిద్రలో జవాబు చెప్పకు. మొత్తం మాట అసలే అనకు."

"ఎవరు పిలిచారు?"

నేను ఊడిన కమ్మీ ఎత్తుతుంటే తనే మెల్లగా అంది. "అన్నయ్యేగా? పాపం, ఇంకా లేవలేదా?"

ఆ రోజు టైమరు పీకేశాను. దీపాలు పగలూ రాత్రీ వెలిగించి ఉంచాను. పక్క చల్లబడింది. వాసన పోయింది. ఆవిడ రెండు ముద్దలు ఎక్కువ తింది. గోడ పట్టుకుని ముందు గదిదాకా నడిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

తాబేలు మాత్రం తిండి మానేసింది. మొదట మేత వదిలేసింది. తర్వాత రాయి ఎక్కడం మానేసింది. కళ్ళు ఉబ్బి మూసుకుపోయాయి. ఒక మూలలో తల గాజుకి కొట్టుకుంటూ ఉండేది. ఆగదు. చీకటి ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు. దాన్ని డబ్బాలో పెట్టి కొట్టుకి తీసుకుపోయాను.

చేపల కొట్టాయన దాన్ని చేతిలోకి తీసుకుని నన్ను కోపంగా చూశాడు. "దీపం ఆర్పడం లేదు కదూ?"

"ఆర్పే వీలు లేదు."

"వీలేంటి పెద్దాయనా? కళ్ళు మూసుకున్నా వెలుతురు లోపలికి పోతూనే ఉంటుంది దీనికి. ఇట్లా ఉంచితే వారం బతకదు. మనిషినైనా ఇట్లా చేస్తే పిచ్చెక్కి పోతాడు."

నాకు చెబుతున్నాడు! తలుపు లేని షెడ్డులో, నెత్తిన ట్యూబు లైట్ల కింద, వరసగా రెండు షిఫ్టులు లాగి నిలబడి నిద్రపోయినవాడికి చెబుతున్నాడు. కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీద? ఆయన మీద కాదు. డబ్బాలో అది కళ్ళు మూసుకుని ఉంది. ఆ మేనేజరు మాకు చేసిందే నేను దీనికి చేస్తున్నాను.

"మీరే ఉంచుకోండి" అందామనుకున్నాను. నోరు రాలేదు. తాబేలుని ఇచ్చేస్తాను, మంచం అమ్మేస్తాను, సరే. బొంగురుని ఎక్కడ పారేస్తాను? వాడు దెయ్యమై నా పెళ్ళాన్ని పీడిస్తున్నాడని అనుకోలేకపోయాను. వాడు పడుకున్నాడు. తర్వాతివాడు వచ్చి తట్టలేదు. ఆ మాట పడలేదు. పడకుండా వాడు కదలడు. అంతే. ఆ మంచం మీదికి ఎవరొస్తే వాళ్ళనే అడుగుతాడు. అడగాల్సింది మాత్రం నన్ను. నేను వాడి జోడీని.

మర్నాడు భోజనాలయ్యాక ఆవిణ్ణి ముందు గదిలో పడక కుర్చీలో కూర్చోబెట్టాను.

"నువ్వెక్కడికి?"

"కాసేపు నడుం వాలుస్తాను."

"నా మంచం మీదా? రోగిష్టిదాన్ని కుర్చీలోకి తరిమేసి దొరగారు మంచమెక్కుతారా?" అంది. మాట ఎకసెక్కంగా ఉన్నా చెయ్యి నా చొక్కా వదల్లేదు. "ఏమయ్యా... తలుపు వెయ్యకు."

"వెయ్యను."

తెర కట్టాను. కాసేపట్లో దీపాలు ఆరేట్టు బిళ్ళ తిప్పి టైమరు తగిలించాను. మంచం అంచున, చెప్పులు విడిచి, పక్కకి తిరిగి పడుకున్నాను. మోటారు చప్పుడు. నీళ్ళ చప్పుడు. ముందు గదిలో ఆవిడ ఊపిరి.

టక్.

భయం వేసిందా అంటే వేసింది. దాన్ని మించి అలసట. ఆ చీకట్లో బతుకంతా చేసిన షిఫ్టులన్నీ ఒక్కసారే కాళ్ళలోకి దిగినట్టుంది. తాబేలు గాజు దగ్గరికి వచ్చింది. గీక్... గీక్... నూనె వాసన. దుమ్ము. నా వీపు వెనక పరుపు కుంగింది. వెచ్చదనం మెల్లగా చొక్కాలోంచి ఒంటికి తగిలింది. జ్వరమొచ్చిన మనిషి పక్కన ఉన్నట్టు.

దగ్గు.

"...వచ్చావా?"

నేను తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపాను. పద్ధతి పద్ధతే కదా, భుజం మీద చెయ్యి వెయ్యాలి. చేతికి గుడ్డ తగిలింది. గరుకుగా, నూలు పోగులు అంటుకుని. దాని కింద ఎముక. దాని కింద వేడి.

"వచ్చాన్రా" అన్నాను. "వచ్చా. నువ్వెళ్ళు."

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత మంచం బద్దీలు కిర్రుమన్నాయి. బరువు లేచింది. నేల మీద ఒట్టి పాదాల చప్పుడు. తెర లేని గుమ్మం వైపు... మెల్లగా... బాగా నిద్రపోయి లేచినవాడి నడక. వెళ్ళిపోయాడు. వాడికి విముక్తి అనుకున్నాను. నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

ముందు గదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏమయ్యా, ఇప్పుడేగా పడుకుంటానని పోయావు? చెప్పులు కూడా లేకుండా ఎక్కడికి పోతున్నావు?"

నేను ఇంకా మంచం మీదే ఉన్నాను.

లేచి వెళ్ళేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఆవిడ నన్ను చూసింది, తలుపు చూసింది, మళ్ళీ నన్ను చూసింది. ఏమీ అడగలేదు. ఈ వయసులో కొన్ని అడగకపోవడమే సంసారం. నా వేళ్ళ మధ్య మాత్రం తెల్లటి నూలు పోగు ఒకటి చిక్కుకుని ఉంది. ఎంత లాగినా తెగలేదు. చివరికి కాల్చేశాను.

ఆ సాయంత్రమే బిళ్ళ తిప్పి తాబేలు కాలాన్ని సరిచేశాను. పొద్దున వెలుతురు, రాత్రికి చీకటి, లోకంతోపాటే. కొద్దిరోజులకే అది కళ్ళు తెరిచింది. ఆకు ముక్క నోట కరుచుకుని రాయి ఎక్కింది. ఆవిడ కూడా తేరుకుంది. రాత్రుళ్ళు నిద్రపడుతోంది. వంటింట్లోకి వచ్చి నా వంటకి వంకలు పెట్టడం మొదలెట్టింది. అంతకంటే ఆరోగ్యం ఏముంటుంది? గోడవైపు ఇప్పుడు నేనే పడుకుంటున్నాను, ఆవిడకి రాత్రి ఏదైనా అవసరమైతే దగ్గర ఉండొచ్చని.

మొదట్లో ఆవిడే వేళాకోళం చేసింది. "ఇప్పుడేగా లేచావు, నీ పక్క ఇంత చల్లగా ఉందేమయ్యా? ఎవరూ పడుకోనట్టు. చలికి పనికొస్తావని పక్కన పడుకోనిస్తే ఐసు గడ్డవి అయ్యావు."

"ముసలి రక్తమే" అన్నాను.

టీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలియడం లేదు. ఎండలో కూర్చున్నా అంతే. నిద్రపోయి లేస్తే నిద్రపోయినట్టు లేదు, చేతులు పీకుతుంటాయి. దీపాలు ఆరగానే తాబేలు నా వైపు గాజు దగ్గరికి వచ్చి గీకుతుంది. పోనీ, అనుకున్నాను. ఆవిడ తింటోంది, నడుస్తోంది, తిడుతోంది. నా వంతు నేను తీసుకున్నాను. మోస్తాను. మోయడం అలవాటైన భుజాలే ఇవి.

ఇవాళ తెల్లవారుతుండగా టైమరు టక్‌మంది. దీపాలు వెలిగాయి. ఆవిడ సగం నిద్రలో ఇటు తిరిగింది.

"రోజూ ఏంటయ్యా ఆ పలవరింత?"

"ఏం పలవరింత?"

"వచ్చావా, వచ్చావా అని. రాత్రంతా అదే. గొంతు కూడా బొంగురుపోయింది నీకు. ఇవాళ మరీ జాలేసింది. జవాబు చెప్పేశాను."

"చెప్పొద్దన్నానుగా..."

"అన్నయ్యకి చెప్పొద్దన్నావు. అడిగింది నువ్వేగా."

"ఏమన్నావు? మొత్తం అన్నావా? ఏయ్... మొత్తం అన్నావా?"

ఆవిడ నా వైపు చూసి అలసటగా నవ్వింది. కళ్ళు మూసుకుంది. తాబేలు రాయి ఎక్కలేదు. ఆవిడ తల వైపు గాజుకి ఆనుకుని, కదలకుండా ఉంది.

నేను లేచి కూర్చుని ఆవిడ పక్క తడిమాను, ఎవరూ పడుకోనట్టు చల్లగా ఉంది. నేను పడుకున్న చోట చెయ్యి పెట్టి చూశాను.

ఎన్నాళ్ళకో నా పక్క వెచ్చగా ఉంది.